డ్యాన్స్ ప్యాడ్ కొనేముందు గడి కొలత అడగండి

డ్యాన్స్ ప్యాడ్ అంటే తెర మీద వచ్చే బాణాలు చూసి, పాట తాళానికి కాళ్లతో తొక్కే ఆటకు వాడే మెత్తటి మ్యాట్ కానీ గట్టి పలక కానీ. అది అమ్మే చోట పెద్ద అక్షరాల్లో రాసే కొలతతో మనకు పెద్దగా పని లేదు. "93 × 81 సెం.మీ." అని ఉంటుంది. అది మ్యాట్ ఈ కొస నుంచి ఆ కొసకు. మన కాళ్లు పడేది మాత్రం బాణం గుర్తున్న గడుల మీద. ఒక్కో గడి ఎంత, ఆ గడిలో కాలు ఏ మూల పడ్డా పలుకుతుందా (అంటే తొక్కినట్టు ఆటకు అందుతుందా), ఈ రెండూ ఎక్కడా రాయరు. అడిగితే చెప్పేవాళ్లూ తక్కువే. దాంతో నల్లగొండలో ఉన్నా, పాలమూరులో ఉన్నా కొనేవాళ్ల ఆలోచన ఒకటే దారిన పోతుంది: కిరాయి పోర్షన్, హాల్లో దివాన్ కాట్ పోను మిగిలిన జాగ ఇంతే, కాబట్టి "జర చిన్న సైజుదే చూద్దాం". ఈ లెక్క తప్పు. చిన్న ప్యాడ్‌తో జాగ కలిసిరాదు, కాళ్లకు మాత్రం కష్టమొస్తుంది. పెద్దవాళ్లకూ, పదేళ్లు దాటిన పిల్లలకూ దాదాపు అందరికీ సరిపోయే గడి ఒక్కటే: 28 సెం.మీ., కాస్త అటూ ఇటూ. అంతకన్నా చిన్నది కొనాల్సినవాళ్లు లేకపోలేదు గానీ చాలా తక్కువమంది.

ఆ 28 ఆటతోపాటే పుట్టింది. కొనామీ కంపెనీ 1998లో జపాన్‌లో డ్యాన్స్ డ్యాన్స్ రెవల్యూషన్ (డీడీఆర్) మెషీన్ దింపినప్పుడు నిలువుకు మూడు, అడ్డానికి మూడు, మొత్తం తొమ్మిది గడుల వేదిక పెట్టింది. అందులో ముందు, వెనక, ఎడమ, కుడి నాలుగే పలికేవి. నడి గడి, నాలుగు మూలలు ఊరికే నిలబడటానికి. ఒక్కో గడి సుమారు 11 అంగుళాలు, అంటే 28 సెం.మీ.; మూడు కలిపి 84. 2004లో వచ్చిన ఇన్ ద గ్రూవ్ మొదట్లో ఈ మెషీన్లలోనే కిట్‌గా బిగించిన ఆట కాబట్టి దాని అడుగులూ ఇదే కొలత మీద నడిచాయి. ఇవాళ ఇంట్లో కంప్యూటర్ మీద ఉచితంగా ఆడుకునే స్టెప్‌మేనియాకు దొరికే పాటల ఫైళ్లలో మస్తుగా ఉన్నవి ఈ రెంటి దారిలో రాసినవే. అంటే ఆ అడుగుల వరస కూర్చినవాళ్ల మనసులో ఉన్నది 28 సెం.మీ. గడి. ఎడమ, కింద, పైన, కుడి అని వరసగా ఉరికించినప్పుడు నడుము ఎంత తిరగాలో, ఒక కాలు రెండోదాన్ని దాటిపోయే చోట ఎంత సందు దొరుకుతుందో ఆ గడిని బట్టే తేలింది. గడి కుదిస్తే ఆ సందు కుదించుకుపోతుంది, కాళ్లు ఒకదానికొకటి తగులుకుంటాయి.

కొరియా కంపెనీ ఆండమీరో 1999లో తెచ్చిన పంప్ ఇట్ అప్ సంగతి వేరు. అందులో పలికేవి నాలుగు మూలలూ, నడి గడీ. డీడీఆర్‌లో పలికే నాలుగు గడులూ అక్కడ మూగవి. ఒకదాని ప్యాడ్ ఇంకోదానికి ఎక్కిరాదు. హైదరాబాదు మాల్‌లో గేమ్ జోన్‌కు పోయి ఏ మెషీన్ మీద మనసుపడ్డారో గుర్తు తెచ్చుకుని దానికి తగ్గది చూడండి. మళ్లీ పోయినప్పుడు జేబులో టేపు పెట్టుకుని పోయి గడి కొలుచుకుని రావడం ఇంకా మంచిది.

ఇప్పుడు జాగ లెక్క. మెత్తటి మ్యాట్‌లో నిడివి 93 ఎందుకుంటుందంటే పైభాగంలో స్టార్ట్, సెలెక్ట్ బటన్లకు ఒక పట్టీ ఉంటుంది. అడ్డం 81లో కుట్టిన అంచు రెండు పక్కలా రెండు మూడు సెం.మీ. చొప్పున పోతే మిగిలేది 76 దాకా. మూడుతో భాగిస్తే గడికి 25. అదే 28 గడులతో చేసిన గట్టి ప్యాడ్ 84 × 84. అంటే అడ్డంలో 3 సెం.మీ. ఎక్కువ, నిలువులో 9 సెం.మీ. తక్కువ. కొత్త ఇళ్లలో వేసే రెండడుగుల టైల్ 60 సెం.మీ. ఉంటుంది, దాంతో కొలిస్తే గట్టి ప్యాడ్ టైలున్నర కూడా పట్టదు. చిన్నదనుకుని కొన్న మ్యాట్ ఒక దిక్కు టైలున్నర దాటుతుంది. అసలు జాగ తినేది ప్యాడ్ చుట్టూ వదలాల్సిన ఖాళీ. వెనక 60 సెం.మీ., రెండు పక్కలా కనీసం 30 చొప్పున వదలకపోతే దూకి తూలినప్పుడు పిక్క దివాన్ అంచుకు తగులుతుంది. ఆ ఖాళీ ప్యాడ్ పెద్దదైనా చిన్నదైనా అంతే. పదడుగుల గది 305 సెం.మీ.; టీవీ స్టాండు, దాని ముందు మీటరు దూరం, 84 ప్యాడ్, వెనక 60 అన్నీ ఇందులో పడతాయి.

పైసా ఖర్చు లేకుండా మీ కాళ్లకు ఏ గడి నప్పుతుందో తేల్చుకునే పద్ధతి ఒకటుంది. సుద్దముక్కతో నేల మీద 28 సెం.మీ. గళ్లు మూడు వరసలు గీయండి. పక్కనే 25 సెం.మీ. గళ్లు ఇంకో మూడు వరసలు. పాదాలు తడుపుకుని మొదటిదాంట్లో నడి గడి నుంచి ఎడమ, కుడి గడుల్లోకి రెండు కాళ్లతో ఒకేసారి దూకండి. మీరు మీకు తోచినట్టు దూకాలి. గడి మధ్యలో పడాలని చూసుకుంటూ దూకితే లెక్క తప్పుతుంది. పాత ఇళ్లలో తాండూరు బండల మీద తడి అడుగు నల్లగా, వేళ్లతో సహా అచ్చు పడుతుంది. ఆరేలోపు చుట్టూ గీత గీసుకోండి. టైల్స్ మీదైతే అచ్చు సరిగా కనపడదు, కాస్త ముగ్గుపిండి చల్లుకుంటే సరిపోతుంది.

ఆ అచ్చులు చూస్తే రెండు సంగతులు తెలుస్తాయి. ఎడమ గడి నడిమి నుంచి కుడి గడి నడిమికి దూరం 56 సెం.మీ. అయినా ఎవరూ అంత బారుగా కాళ్లు చాపి దూకరు. రెండు గడుల లోపలి అంచుల మధ్య ఉన్నది ఒక్క నడి గడే, 28 సెం.మీ. పాదాలు ఆ లోపలి అంచు దాటి నాలుగు నుంచి ఎనిమిది సెం.మీ. లోపల పడతాయి. అంటే దూకినప్పుడు కాళ్ల మధ్య ఎడం 36 నుంచి 44. పదేళ్ల పిల్లలకు కూడా ఇది ఇబ్బంది లేని దూరం. "మనిషి పొట్టి, ప్యాడ్ చిన్నది కావాలి" అనే మాటకు అందుకే బలం లేదు. కాలు పొడవుతో కంటే పాదం పొడవుతోనే ప్యాడ్‌కు ఎక్కువ పేచీ.

రెండో సంగతి 25 గళ్లలో కనిపిస్తుంది. పాదం 26, 27 సెం.మీ. ఉన్నవాళ్లు ఎడమ గడిలో కాలు నిలువుగా పెడితే వేళ్లో మడమో మూల గడిలోకి పొడుచుకుపోతాయి. అసలు మెషీన్‌లో మూలలు మూగవి కాబట్టి ఫరక్ పడదు. ఇంటి మ్యాట్‌లలో మాత్రం ఆ మూలల్లో కూడా బటన్లు కుట్టి ఉంటాయి. పాట మధ్యలో బొటనవేలు మూలకు తగిలి పాట ఆగిపోవడం, మెనూ వచ్చేయడం ఇందుకే. అప్పటికే చిన్న మ్యాట్ కొనేసి ఉంటే స్టెప్‌మేనియా ఆప్షన్లలో కీల అమరిక తెరిచి మూలల బటన్లు నాలుగూ తీసేయండి. పాట ఎంచుకోవడానికి కీబోర్డు వాడుకోవచ్చు. సగం చికాకు అక్కడితో పోతుంది.

పాదం కొలిచేది సాయంత్రం, రోజంతా నిలబడి తిరిగాక. పాదం కాస్త ఉబ్బి ఉంటుంది. మడమ గోడకు ఆనించి, కింద పేపర్ వేసి, అన్నింటికన్నా పొడుగు వేలి దగ్గర గీత పెట్టండి. కొందరికి బొటనవేలి కన్నా పక్క వేలే పొడుగు. బూట్లతో ఆడేవాళ్లు దానికి రెండు మూడు సెం.మీ. కలుపుకోవాలి. గడి మీ పాదం కంటే 2 సెం.మీ. దాకా చిన్నదైనా పర్వాలేదు, ఎందుకంటే ఈ ఆటలో మొత్తం పాదం మోపేది తక్కువ, వేళ్ల కింద బలుపు భాగంతోనే తొక్కుతారు. అంతకు మించి చిన్నదైతే పక్క గడి తొక్కడం మొదలవుతుంది. 25 గడి 27 పాదానికి సరిగ్గా గట్టు మీద ఉంది. 28 గడి 30 పాదాన్ని కూడా మోస్తుంది. అంత పాదం ఉన్నవాళ్లు మనలో ఎందరు?

"ప్యాడ్ పెద్దదైంది, కాలు అందట్లేదు" అనే ఫిర్యాదు వినిపించిన చోటల్లా ముందు చూడాల్సింది సైజు కాదు. నాలుగు దొంగలు సైజు మాటున దాక్కుంటాయి.

మొదటిది అడాప్టర్. పాత ప్లేస్టేషన్ పిన్ను ఉన్న మ్యాట్‌ను చవకరకం యూఎస్‌బీ అడాప్టర్‌తో కంప్యూటర్‌కు తగిలిస్తే, అది నాలుగు బాణాలను నాలుగు బటన్లుగా కాక, రెండు అక్షాలుగా చూపిస్తుంది. ఎడమ అంటే మైనస్, కుడి అంటే ప్లస్. రెండూ కలిసి నొక్కితే ఒకటి రెండోదాన్ని కొట్టేస్తుంది, లేదా ఒక్కటే పడుతుంది. పైన-కింద కలిపి వచ్చిన చోటా అంతే. ఆడేవాళ్లకు మాత్రం దూకిన ప్రతిసారీ ఒక కాలు అందలేదనే అనిపిస్తుంది. పరీక్ష తేలిక: స్టెప్‌మేనియాలో టెస్ట్ ఇన్‌పుట్ తెర తెరిచి, కింద కూర్చుని రెండు అరచేతులతో ఎడమ, కుడి గడులు ఒకేసారి అదమండి. చేతులతో అదిమినా రెండూ వెలగకపోతే మీ కాళ్ల తప్పేమీ లేదు. అడాప్టర్ మార్చాలి, బాణాలను బటన్లుగా చూపించేది, డ్యాన్స్ మ్యాట్‌కు పనికొస్తుందని రాసి ఉన్నది తీసుకోవాలి. నేరుగా యూఎస్‌బీ ఉన్న మ్యాట్‌లలో కూడా ఈ జబ్బున్నవి ఉన్నాయి, వాటికి వెనక్కి పంపడం తప్ప మందు లేదు. కాబట్టి పెట్టె విప్పిన రోజే ఈ పరీక్ష చేయండి, వాపసు గడువు దాటకముందే.

రెండోది చచ్చుబడిన అంచులు. పైన చెప్పినట్టు దూకినప్పుడు పాదం పడేది గడి లోపలి అంచు దగ్గర. చాలా ప్యాడ్‌లలో సెన్సర్ గడి నడుమ మాత్రమే ఉంటుంది. అప్పుడు 28 గడి కూడా 15 గడిలాగే పనిచేస్తుంది, ఆ 15 కూడా దూరంగా జరిగి కూర్చుంటుంది. అదే టెస్ట్ ఇన్‌పుట్ తెర ముందు బొటనవేలితో ఒక్కో గడిని తొమ్మిది చోట్ల నొక్కి చూడండి: నడుమ, నాలుగు మూలలు, నాలుగు అంచుల మధ్య. పలకని చోటల్లా చుక్క పెట్టండి. లోపలి అంచు మీద చుక్కలు పడితే ఆ ప్యాడ్ ఎంత సైజుదైనా మీకు పెద్దదిగానే అనిపిస్తుంది. ఒకే పాదంతో పక్కపక్క బాణాలు రెండూ తొక్కే అడుగులు కష్టమైన పాటల్లో వస్తాయి. ఎడమ గడి పై మూల, ముందు గడి కింది మూల ఒకే బిందువు దగ్గర కలుస్తాయి కదా. పాదాన్ని ఆ బిందువు మీద ఏటవాలుగా పెడితే మడమ ఒక గడిలో, వేళ్లు ఇంకో గడిలో పడతాయి. మూలలు చచ్చుబడిన ప్యాడ్ మీద ఆ అడుగు ఎన్నటికీ పడదు.

మూడోది బరువు. పాతిక కిలోల పిల్లవాడు గట్టి ప్యాడ్ మీద ఎగిరినా గడి పలకకపోతే ఇంట్లోవాళ్లు "వాడికి పెద్దదైంది" అంటారు. ఆ సెన్సర్ పెద్దవాళ్ల బరువుకు సర్ది ఉంటుంది, అంతే. సర్దుకునే వీలున్న ప్యాడ్ అయితే ఆ పట్టింపు తగ్గించవచ్చు.

నాలుగోది ఆలస్యం. ఇన్ ద గ్రూవ్‌లో మేలైన మార్కు రావాలంటే తాళానికి అటూ ఇటూ సుమారు 22 మిల్లీ సెకన్లలోపు కాలు పడాలి. బ్లూటూత్ స్పీకర్‌లో శబ్దం 100 మిల్లీ సెకన్లకు పైగా వెనకబడటం మామూలే. టీవీలు బొమ్మను మెరుగుపెట్టడానికి ఇంకొంత తింటాయి. టీవీలో గేమ్ మోడ్ పెట్టి, స్పీకర్‌కు వైరు కలిపి, ఆ తర్వాత ఆటలో సింక్ సర్దుకోవాలి. ఆలస్యం వల్ల వచ్చే తప్పులు నాలుగు బాణాలకూ సమంగా వస్తాయి. ఒక్క బాణానికే వస్తే సెన్సర్ది. ఎదురెదురు బాణాలు కలిసి వచ్చినప్పుడే అయితే అడాప్టర్ది. ఈ మూడూ తీసేశాక ఇంకా మిగిలితే అప్పుడు సైజు గురించి మాట్లాడుకోవచ్చు.

ఇంత చెప్పినా మెత్తటి మ్యాట్‌ను తీసిపారేయలేం. ఏడెనిమిదేళ్ల పిల్లలకు, ఈ ఆట రుచి చూద్దామనుకునే వాళ్లకు, మడిచి బీరువా మీద పెట్టుకోవాల్సిన వాళ్లకు అదే దిక్కు. పై అంతస్తు పోర్షన్‌లో ఉండి కింద ఓనర్లు నిద్రపోయే వేళ ఆడాలనుకునే వాళ్లకు కూడా. దాని లోపల రెండు విద్యుత్ వాహక పొరలు, మధ్యలో చిల్లులున్న స్పాంజి ఉంటాయి. తొక్కినప్పుడు చిల్లుల్లోంచి పై పొర కింది పొరకు తగులుతుంది. స్పాంజి నలిగి పలచబడితే తొక్కకపోయినా బాణం వెలిగే ఉంటుంది. మడత పడ్డ చోట పొర చిట్లి ఆ గీత పొడవునా పలకదు. కాబట్టి మడవకండి, చాప చుట్టినట్టు చుట్టండి. మే నెలలో డాబా మీద గానీ, ఎండ పడే కిటికీ కింద గానీ వదిలేస్తే ప్లాస్టిక్ మెత్తబడి పొరలు ఒకదానికొకటి అంటుకుంటాయి. మన దగ్గర ఎండలు చూసి చెప్తున్న మాట ఇది.

మ్యాట్ నేల మీద జారి మెలితిరగడం ఇంకో తలనొప్పి. కాళ్లు తామున్న చోటే ఉన్నాయనుకుంటాయి, కింద గడులు మాత్రం పక్కకు జరిగిపోతాయి. 12 ఎం.ఎం. ప్లైవుడ్ ముక్క 4 × 3 అడుగులది తెచ్చి, మ్యాట్‌ను దానిమీద సాఫ్‌గా పరిచి కుట్టిన అంచుల వెంట రెండు వైపులా అంటుకునే టేపు వేయండి. మేకులు, స్క్రూలు గడుల మీదుగా దించితే పొరలు కలిసిపోయి షార్ట్ అవుతుంది. స్పాంజి మ్యాట్ కింద స్పాంజి పరుపు వేస్తే తొక్కిన ఒత్తిడి కిందికి మింగుకుపోతుంది, కాబట్టి యోగా మ్యాట్ వేయాలనిపిస్తే అది ప్లై కింద వేయండి. మామూలు యోగా మ్యాట్ 61 సెం.మీ. వెడల్పు, 173 పొడవు. నడిమికి కోసి రెండు ముక్కలు పక్కపక్కన పెడితే 122 × 86 వస్తుంది, ఏ ప్యాడ్ కిందికైనా చాలు.

ఆట మీద మోజు నిలబడిందని తెలిశాక 28 గడుల గట్టి ప్యాడ్‌కు పోవాలి. పోలండ్‌లో తయారయ్యే ఎల్-టెక్ లాంటివి తెప్పించుకుంటే బరువుకు షిప్పింగూ, దానిపైన కస్టమ్సూ పడతాయి. మన ఊళ్లో ప్లైవుడ్ దుకాణం, కార్పెంటర్, సైన్ బోర్డులు చేసే షాపు ఉన్నప్పుడు చేయించుకోవడమే బేరం. హైదరాబాదు నుంచి రావాల్సింది ఎలక్ట్రానిక్ సామాను ఒక్కటే. కోఠి గుజరాతీ గల్లీలో అడగొచ్చు, దొరకనివి కొరియర్‌లో వస్తాయి.

18 ఎం.ఎం. ప్లై 4 × 4 అడుగులు, అంటే ఫుల్ షీట్‌లో సగం. ముందు 84 × 84 ముక్క కోయించండి, అది అడుగు పలక. మిగిలిన పొడుగు పట్టీ 37 సెం.మీ. వెడల్పు, 122 పొడవు ఉంటుంది. అందులో 28 × 28 ముక్కలు నాలుగు వస్తాయి, రంపం తిన్నది పోను కూడా. అవి మూలలు. పొట్టి పట్టీలోంచి ఇంకొకటి, అది నడి గడి. బాణం గడులకు 12 ఎం.ఎం. ప్లై 2 × 2 అడుగుల ముక్క తీసుకుని 27.6 సెం.మీ. చొప్పున నాలుగు కోయించండి. 28 కాకుండా 27.6 ఎందుకంటే చుట్టూ రెండేసి ఎం.ఎం. సందు ఉండాలి. వానాకాలంలో తలుపులు బిగుసుకునేది చెక్క తేమ పీల్చి ఉబ్బడం వల్లే, ప్లై కూడా అంతో ఇంతో ఉబ్బుతుంది. సందు లేకపోతే జూలైలో గడి మూలలకు ఒరుసుకుని, తొక్కినా దిగదు, దిగినా లేవదు. కోసిన అంచులకు వార్నిష్ కానీ పెయింట్ కానీ రెండు కోట్లు వేయించడం మరిచిపోవద్దు. ఇల్లు తుడిచే నీళ్లు ముందు అక్కడినుంచే లోపలికి పోతాయి. అడుగున రబ్బరు బుష్‌లు కొడితే పలక తడి నేలకు అంటదు.

మూల ముక్కలూ నడి ముక్కా అడుగు పలకకు స్క్రూలతో బిగించేయాలి. బాణం గడి మాత్రం నాలుగు మూలల్లో నాలుగు ఎఫ్‌ఎస్‌ఆర్ సెన్సర్ల మీద కూర్చుంటుంది. తొక్కితే నిరోధం తగ్గే పలచటి సెన్సర్లివి, పనిచేసే భాగం అర అంగుళం గుండ్రం ఉన్నవి చాలు. మూల నుంచి 3 సెం.మీ. లోపలికి అంటించి, ఒక్కోదాని మీద అదే సైజు గుండ్రటి 4 ఎం.ఎం. రబ్బరు బిళ్ల పెట్టండి. గడి బరువు మొత్తం ఆ నాలుగు బిళ్లల మీదుగానే దిగాలి, ఇంకెక్కడా ఆనకూడదు. అప్పుడు పాదం గడిలో ఏ మూల పడ్డా ఏదో ఒక సెన్సర్ మీద భారం పడి తీరుతుంది, చచ్చుబడిన అంచు అనే మాటే ఉండదు. సైజు గొడవకు అసలు మందు ఇదే. సెన్సర్ తోక పలచటి ప్లాస్టిక్. నేరుగా సోల్డర్ పెడితే కరిగిపోతుంది, క్రింప్ కనెక్టర్ వాడాలి.

పైన సన్‌మైకా అంటించాలి, అది కూడా మెరుపు లేని మ్యాట్ ఫినిష్ రకం. మెరిసే రకం మీద సాక్సులతో ఆడితే జారిపడటం ఖాయం. అన్నీ కూర్చాక బాణం గడి చుట్టూ ఉన్న ముక్కల కంటే ఒకటి రెండు ఎం.ఎం. దిగువన ఉండాలి. కిందికి చూడకుండానే పాదానికి గట్టు తెలుస్తుంది. 12 ప్లై, 1 సన్‌మైకా, నాలుగున్నర బిళ్లా సెన్సరూ కలిపి పదిహేడున్నర. పక్కన 18 ప్లై, 1 సన్‌మైకా కలిపి 19. లెక్క బరాబర్. తేడా 3 ఎం.ఎం. దాటితే వేలు తగులుకుంటుంది, బిళ్ల కింద అట్టముక్క పెట్టి లేపుకోవాలి.

ఒక గడిలోని నాలుగు సెన్సర్లూ పక్కపక్కగా (ప్యారలల్‌గా) కలిపి ఒక కొసను 5 వోల్టులకు, రెండో కొసను కంప్యూటర్‌కు సంకేతం పంపే చిన్న సర్క్యూట్ బోర్డు అనలాగ్ పిన్నుకు ఇవ్వండి. ఆ పిన్ను నుంచి గ్రౌండ్‌కు ఒక రెసిస్టర్. బోర్డు ఆర్డుయినో లియోనార్డో కానీ ప్రో మైక్రో కానీ అయి ఉండాలి. అవి కంప్యూటర్‌కు నేరుగా కీబోర్డులా, జాయ్‌స్టిక్‌లా కనపడతాయి. అందరి దగ్గరా ఉండే ఊనో ఆర్3కు ఆ గుణం లేదు, చవకగా దొరికిందని అది తేవద్దు. రెసిస్టర్ 10 కిలో ఓమ్‌లతో మొదలుపెట్టి, మనిషి నిలబడగానే బోర్డు చూపే అంకె ఆఖరిదైన 1023 దగ్గరికి పోయి అతుక్కుంటే 1 కిలో ఓమ్‌కు దిగండి. ఖాళీగా ఉన్నప్పటి అంకెకూ, తేలికగా కాలు ఆనించినప్పటి అంకెకూ మధ్యలో, తొక్కినట్టు గుర్తించే గీత పెట్టుకోవాలి. వదిలినట్టు గుర్తించే గీత దానికంటే కాస్త కిందుండాలి. రెండూ ఒకటే అయితే కాలు ఆనించి ఉంచినప్పుడు బాణం టకటకా కొట్టుకుంటుంది. పిల్లలు ఆడేటప్పుడు గీత కిందికి, పెద్దవాళ్లు ఆడేటప్పుడు పైకి. ఒకే 28 గడి ఇంటిల్లిపాదికీ సరిపోవడానికి ఈ ఒక్క సర్దుబాటు చాలు.

మొత్తం ప్యాడ్ 14, 15 కిలోలు తూగుతుంది. ఆట అయిపోగానే నిలువుగా లేపి తలుపు వెనక ఆనించుకోవచ్చు. టైల్స్ మీద జారుతుంటే పైన చెప్పిన యోగా మ్యాట్ ముక్కలే. బండల నేల అయితే ముందు ఎగుడుదిగుడు చూసుకోవాలి. ఒక బుష్ గాల్లో ఉంటే తొక్కినప్పుడల్లా ప్యాడ్ టపటపలాడి పక్క గడి సెన్సర్ కూడా కదులుతుంది. ఆ బుష్ కింద రబ్బరు ముక్క సర్దండి.

వెనక పట్టుకునే కడ్డీ కావాలనుకునేవాళ్లు అప్పుడు మాత్రం జాగ మళ్లీ కొలుచుకోవాలి. వెల్డింగ్ షాపులో ఒకటింపావు అంగుళం జీఐ పైపు వంచించి నడుముకు కాస్త పైదాకా పెట్టిస్తే చాలు, కానీ దాని కాళ్లు ప్యాడ్ వెనక ఇంకో అడుగు దూరం పరుచుకుని ఉండాలి. ప్యాడ్‌కే రెండు బోల్టులు కొట్టి నిలబెడితే వెనక్కి వాలినప్పుడు ముందు గడులు లేస్తాయి. ఇనుప కడ్డీ పెట్టినప్పుడు ల్యాప్‌టాప్‌కు మూడు పిన్నుల చార్జర్, ఎర్తింగ్ సరిగా ఉన్న సాకెట్ చూసుకోండి. రెండు పిన్నుల చార్జర్ మీద యూఎస్‌బీ వైరు లోహానికి తగిలిందంటే చెమట చేతికి జివ్వుమంటుంది. గడుల్లో లోహం లేకపోయినా కడ్డీకి ఆ వైరు కట్టేసేవాళ్లు ఉంటారు, అందుకే ఈ మాట. వైరును ప్యాడ్ ముందు వైపు నుంచి, టీవీ దిక్కుకు తీయండి.